వెనక బెంచీలో నాన్న

మొన్న బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అన్న మనవడికి బాప్తిస్మం ఇచ్చారు. చెరువులో కాదు, వాళ్ళ అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్‌లో. కాసేపట్లో పిల్లల ఈత క్లాసు ఉందని, త్వరగా కానివ్వమని సెక్యూరిటీ అతను వచ్చి వచ్చి చెప్పిపోతున్నాడు. పాస్టరు గారు టీషర్టుతోనే నీళ్ళలోకి దిగారు. ఆ నీళ్ళు ఆసుపత్రి వాసన వేస్తున్నాయి. మనవడు మునిగి లేచి, చెవిలో నీళ్ళు దులుపుకుంటూ, ఫోటో సరిగ్గా వచ్చిందా అని ముందు వాళ్ళమ్మను అడిగాడు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న ఉంటే ఆయనకూ వచ్చేది.

ఆ తర్వాత అక్కడే, పూల్ గట్టు మీదే, ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షరసం, చిన్న చిన్న రొట్టె ముక్కలు పంచారు. ఒక అమ్మాయి ట్రే పట్టుకుని వరసగా అందరి దగ్గరికీ వచ్చింది. నీ బాప్తిస్మం ఎక్కడైంది, ఎలా అయింది, మునిగావా లేదా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేను కప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఏంటత్తయ్యా అలా చూస్తున్నారు, తీసుకోండి" అంది మా అన్న కోడలు.

ఏం చెప్పను? ఈ ఒక్క గుటక కోసం మా ఇంట్లో ఎంత జరిగిందో చెప్పాలంటే ఈత క్లాసు కాస్తా అయిపోతుంది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

నాన్న బాప్టిస్టు పాదిరి. పాత బెంగళూరులో ఒక తెలుగు సంఘం పిలిస్తే ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెంకుల కప్పు, సున్నం గోడలు, చెక్క బెంచీలు ఉన్న చిన్న గుడి. దాని వెనకే రెండు గదుల ఇల్లు మాది. మిల్లు పనివాళ్ళు, రైల్వే వాళ్ళు, ఆసుపత్రి నర్సమ్మలు, బళేపేట అంగళ్ళలో సరుకు మోసేవాళ్ళు, వీళ్ళే మా సంఘం. నాన్న పొద్దున సైకిలెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. వచ్చేసరికి ఆయన చొక్కా నిండా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళ వాసనలే. ఒకరింట్లో కాఫీ, ఇంకొకరింట్లో మంచం పట్టిన ముసలాయన పక్కన అంటిన నీలగిరి తైలం, మరొకరింట్లో బాలింతరాలి సాంబ్రాణి. అమ్మ ఆ చొక్కా అందుకుని, వాసన చూసి, ఈవేళ ఎవరెవరింటికి వెళ్ళాడో చెప్పేసేది. ఎక్కువగా తప్పయ్యేది కాదు.

మా పక్కింట్లో బళేపేట గాజులంగడి వాళ్ళ అవ్వ ఉండేది. తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు. అవ్వకు మా గుడితో పని లేదు గాని నాన్నతో మాత్రం చాలా పని. కోడలి మీద చాడీలు, మోకాళ్ళ నొప్పి, ఎలక్షన్లు, అన్నీ ప్రహరీ గోడ మీంచి నాన్నకే చెప్పేది. ఆయన్ని "పాదిరప్పా" అని పిలిచేది.

నేనూ అన్నా ఆడే ఆట బాప్తిస్మం ఆట. వాడు పాదిరి, నేను సంఘం, బట్టలుతికే తొట్టి చెరువు. ఉన్న బొమ్మలన్నిటికీ అయిపోయాయి. ఒకరోజు ముంచడానికి ఎవరూ దొరక్క అవ్వ వాళ్ళ కోడిపెట్టను పట్టుకొచ్చాం. అన్న నాన్న గొంతు పెట్టి చెప్పాల్సిందంతా చెప్పి దాన్ని ముంచి లేపాడు. అది మా ఇద్దరి మొహాలూ గీరి, గోడ దూకి పారిపోయింది. కాసేపటికి తడిసిన కోడిని చంకలో పెట్టుకుని అవ్వ వచ్చింది.

"ఏం పాదిరప్పా, మా కోడిని గూడా మీ సంగంలో కలిపేసినారే. ఇంక ఇది మా గూట్లో ఉండల్లనా, మీ గుళ్ళో ఉండల్లనా, నువ్వే చెప్పు."

నాన్న పుస్తకం మూసి, చాలా గంభీరంగా, "కలవలేదవ్వా. అది తనంతట తాను ఇష్టపడి మునగలేదు. అలాంటిది మా దగ్గర చెల్లదు" అన్నాడు.

అవ్వ పగలబడి నవ్వింది. మా వీపులు మాత్రం తర్వాత అమ్మ చేతిలో చిట్లాయి.

నాన్న నవ్వులాటకే అన్నా, ఆయన నమ్మకమంతా ఆ మాటలోనే ఉంది. బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. మంచీ చెడూ తెలిసే వయసొచ్చాక మనిషి తానే వచ్చి అడగాలి. సంఘం ముందు నిలబడి పాదిరి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సంఘం చేతులెత్తి సరే అనాలి. అప్పుడు నీళ్ళలో పూర్తిగా ముంచుతారు.

మా గుళ్ళో తొట్టి లేదు. హొసకోటె దారిలో ఒక చెరువుకు వెళ్ళేవాళ్ళం. తెల్లవారుజామునే ఎవరిదో లారీ వచ్చేది. ఆడవాళ్ళ ఒళ్ళో చిత్రాన్నం గిన్నెలు, మగవాళ్ళ భుజాల మీద పిల్లలు. పాటలు పాడుకుంటూ పోతుంటే ఆ నిమ్మకాయ పోపు వాసన లారీ అంతా కమ్ముకునేది. చెరువులో నాన్న నడుము లోతుదాకా దిగి, కాలితో నేల తడిమి చూసుకుని, ఒక్కొక్కర్నీ పిలిచేవాడు. మునిగేవాళ్ళకు తెల్లటి పొడుగు అంగీలు అమ్మే కుట్టేది. నీళ్ళలో అంగీ బుడగలా పైకి లేస్తే ఆడవాళ్ళు సిగ్గుపడతారని, వలలకు కట్టే సీసపు గుండ్లు బళేపేటలో కొని, అంచు మడిచి లోపల పెట్టి కుట్టేది. గట్టు మీద తువ్వాళ్ళతో నిలబడి, వణుకుతూ పైకొచ్చిన ప్రతి మనిషినీ చుట్టి, తల తుడిచి, వేడి కాఫీ చేతికిచ్చేది.

అందర్నీ తుడిచే అమ్మ మాత్రం ఎన్నడూ ఆ నీళ్ళలోకి దిగలేదు.

అమ్మ పుట్టిల్లు గుంటూరు వైపు. వాళ్ళ సంఘంలో పసిబిడ్డకే నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ళను మావాళ్ళు చిలకరింపు వాళ్ళని, మమ్మల్ని వాళ్ళు ముంపు వాళ్ళని ఆటపట్టించుకునేవారు. పెళ్ళిచూపుల్లో అది వేళాకోళమే. పెళ్ళయ్యాక కాదు. మా సంఘం నియమం ప్రకారం, తానుగా అడిగి మునిగినవాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర, ఏసు చివరి విందుకు గుర్తుగా పంచే రొట్టె, రసం. చిలకరించుకున్నది లెక్కలోకి రాదు. అంటే పాదిరి గారి భార్యకు పాదిరి గారు వడ్డించే బల్లలో భాగం లేదు.

నెలకొకసారి వచ్చే ఆ ఆదివారాన్ని మేం బల్ల ఆదివారం అనేవాళ్ళం. ముందురోజు ఇల్లంతా ద్రాక్ష వాసన. గింజలున్న నల్ల ద్రాక్ష, మన బెంగళూరు పక్క తోటల్లో పండేది, అమ్మ ఉడకబెట్టి పలచటి గుడ్డలో వేసి పిండేది. ఆమె వేళ్ళకంటిన ఊదారంగు మర్నాటికీ వదిలేది కాదు. పెనం మీద ఉప్పు లేని, పులియని రొట్టె కాల్చేది. తునకలు మాకే. రసం తీపి సరిపోయిందో లేదో చూడ్డానికి చెంచాతో నా నోట్లో పోసి, "నువ్వు చూసి చెప్పవే" అనేది. నేనదంతా నా మీద ముద్దు అనుకునేదాన్ని. తను చుక్క కూడా నాలుక మీద వేసుకోదని గమనించే బుద్ధి నాకు లేదు.

మర్నాడు గుళ్ళో ఆ రొట్టె, ఆ రసం ముందు బెంచీల వాళ్ళకు పంచుతుంటే, అమ్మ చిట్టచివరి బెంచీలో ఇంకా బాప్తిస్మం కాని పిల్లలతో కూర్చునేది. మేం అల్లరి చెయ్యకుండా కాపలా కూర్చుందని చాలా ఏళ్ళు నమ్మాను.

సంఘానికి పెద్ద గంట తాత. రైల్వేలో గార్డుగా చేసి దిగినవాడు. ఆదివారం గంట కొట్టేది ఆయనే కాబట్టి పిల్లలం ఆ పేరు పెట్టాం. జేబులో ఎప్పుడూ వేయించిన శెనక్కాయలుండేవి, మాకు పంచేవాడు. మంచివాడు. కాకపోతే రైలు పట్టా మీంచి బండి దిగకూడదన్నట్టే మనిషి నియమం మీంచి దిగకూడదనుకునేవాడు. మా వరండాలో కూర్చుని ఆయన నాన్నతో అన్న మాటలు నాకిప్పటికీ చెవిలో ఉన్నాయి.

"అయ్యా, నేను చెప్తాండేది మీ మంచికే. ఊరందర్నీ నీళ్ళలోకి దింపుతాండారు. మీ ఇంటామె గట్టు మీదే నిలబడి ఉండాది. చూసేటోళ్ళు ఏమనుకుంటారు?"

"అనుకోనివ్వండి. అడిగినవాళ్ళనే ముంచుతాను నేను. ఆమె అడగలేదు."

"మీరు ఒక్క మాట చెప్తే వినదా?"

"వింటుంది. అందుకే చెప్పను."

గంట తాత చాలాసేపు శెనక్కాయలు ఒలిచాడు గాని తినలేదు. "సంగంలో గుసగుస పెద్దదవుతాండాది అయ్యా. ఇట్లే ఉంటే ఇంకో అయ్యగారిని చూసుకుందామంటాండారు. నేను ఎంత కాలమని సర్దల్ల?" అని లేచి వెళ్ళిపోయాడు. పాదిరి పని పోతే ఇల్లూ పోతుంది. తలుపు వెనక అమ్మ వింటూనే ఉంది. ఆ పూట కూరలో ఉప్పు లేదు, ఎవరం అడగలేదు.

అప్పటికి అన్నకు బాప్తిస్మం అయిపోయి వాడు ముందు బెంచీకి మారాడు. మరుసటి ఏడు నేనూ అడిగాను. నిజంగానే అడిగాను, ఎవరి బలవంతమూ లేదు. సంఘం ముందు నిలబెట్టి నాన్న ప్రశ్నలు వేశాడు. ఇంట్లో నాన్న, అక్కడ అయ్యగారు. అన్నిటికీ గడగడా చెప్పేశాను. ఆఖరున ఆయన ఎప్పుడూ అడిగేది అడిగాడు.

"నీ అంతట నువ్వే వస్తున్నావా?"

"వస్తున్నాను. కానీ నేను ముందుకొచ్చేస్తే వెనక అమ్మ ఒక్కతే అయిపోతుంది."

ఎవరో దగ్గారు. నాన్న కళ్ళు దించుకుని, కొంచెం కటువుగానే, "అమ్మ సంగతి అమ్మ చూసుకుంటుంది. నేను నీ సంగతి అడిగాను" అన్నాడు. వస్తానని మళ్ళీ చెప్పాను. చేతులెత్తారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి గంట తాతది.

ఆ వారమంతా నాన్నతో మాట్లాడలేదు. అమ్మ నా అంగీకి గుండ్లు కుడుతుంటే పక్కన చేరి, "నువ్వూ మునగరాదా అమ్మా. ఒక్క నిమిషం పని. ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

అమ్మ పళ్ళతో దారం తెంపింది. "నేను పుట్టినప్పుడు బతకనన్నారంట. మా నాన్న నన్ను గుడ్డలో చుట్టుకుని, వానలో నడిచిపోయి గుళ్ళో నీళ్ళు పోయించాడు. ఆ నీళ్ళు పడ్డాకే నేను మొదటిసారి ఏడ్చానని చెప్పేవాడు. ఇప్పుడు మళ్ళీ మునిగితే, ఆయన చేయించింది ఉత్తదే అని నా నోటితో నేనే చెప్పినట్టు. అది నావల్ల కాదే."

"మరి మనల్ని పంపించేస్తే?"

"అదే మీ నాన్నని అడిగా. పోనీ మునిగేస్తానండీ, అన్నా. భయపడి మునిగేవాళ్ళని నేను ముంచను అన్నాడు." అంగీ నా భుజాలకు ఆనించి పొడుగు చూసింది. "నా కోసం నువ్వు ఆగావంటే మాత్రం ఊరుకోను."

చెరువు చల్లగా ఉంది. వేళ్ళ సందుల్లో బురద, చీలమండలకు తగులుతున్న గుండ్లు, మెడ వెనక నాన్న అరచెయ్యి. లేచేసరికి ముక్కునిండా నీళ్ళు, చెరువంతా వెలుగు. గట్టు మీద అమ్మ నా తల తుడిచింది. తుడిచిందనడం కంటే రుద్దిందనాలి. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

తర్వాతి బల్ల ఆదివారం ముందు బెంచీలో కూర్చున్నాను. మా దగ్గర పద్ధతేమిటంటే, నాన్న ప్రార్థన చేసి రొట్టె విరుస్తాడు, సంఘ పెద్దలు పళ్ళేలు పట్టుకుని అందరికీ ఇస్తారు, ఆఖరున పెద్ద వచ్చి పాదిరికి ఇస్తాడు. నా నోట్లో రొట్టె మింగుడుపడటం లేదు. వెనక్కి తిరిగి చూడాలని ఉంది, చూడలేకపోతున్నాను. గంట తాత పళ్ళెం నాన్న ముందుకు చాపాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. మెట్లు దిగి, బెంచీల మధ్య నుంచి నడిచి, వెనక బెంచీ దగ్గరికి వెళ్ళాడు. అమ్మ బస్సులో చోటిచ్చినట్టు కొంచెం జరిగింది. నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు.

గుడి గుడంతా వెనక్కి తిరిగి చూసింది.

సంఘం సమావేశం పెట్టారు. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు గాని, నేనూ అన్నా కిటికీ కింద కూర్చున్నాం. నాన్న గొంతు పెంచలేదు. "నియమం సంఘానిది. నేను సంఘానికి పనివాణ్ణి. దాన్ని మార్చమని అడగను, దాటను కూడా. వడ్డించమన్నారు, బతికినంత కాలం వడ్డిస్తాను. తినమని మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. పాదిరి తప్పకుండా తినాలని ఎవరూ నియమం రాసి పెట్టుకోలేదు మరి. చాలాసేపు గలాటా అయింది. చివరికి గంట తాత, "మొండోడు రాజు కంటే బలవంతుడంటారు. వదిలేయండప్పా, మన అయ్యగారు ఆ రకం" అని అందర్నీ లేపేశాడు. ఇంకో అయ్యగారి మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ప్రతి బల్ల ఆదివారమూ అంతే. వడ్డించడం, దిగి రావడం, వెనక కూర్చోవడం. చూసి చూసి సంఘానికి అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడి పద్ధతే ఇది కాబోలు అనుకున్నారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, "నీకు తీసుకోవాలనిపించదా నాన్నా?" అని.

సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. తలెత్తకుండానే, "అనిపిస్తుంది. ప్రతిసారీ అనిపిస్తుంది" అన్నాడు.

అప్పుడు నాకు సంఘం మీద కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే అమ్మ మీద కూడా వచ్చింది. నాన్న జీవితానికంతటికీ ఆ రొట్టె ముక్కే మూలం. ఊరందరికీ దాన్ని పెట్టి తను పస్తున్నాడు. ఇప్పుడు ఈ వయసులో తలుచుకుంటే కోపం లేదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఇచ్చుకున్నంత మర్యాద నేను ఇంకే ఇంట్లోనూ చూడలేదని మాత్రం అనిపిస్తుంది.

నాన్న పని నుంచి దిగిపోయే ముందు చివరి బల్ల ఆదివారానికి మా ఆయన్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. అమ్మ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గంట తాత బాగా ముసలివాడయ్యాడు. గంట కొట్టడం మానేశాడు గాని పళ్ళెం మాత్రం వదల్లేదు. ఆ పొద్దున కీర్తన కూడా ఆయనే చదివాడు, కళ్ళజోడు లేకుండా, ఎక్కడా తడబడకుండా.

నాన్న రొట్టె విరిచాడు. అందరికీ పంచడం అయింది. ఎప్పట్లాగే మెట్లు దిగి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాడు. పళ్ళేన్ని బల్ల మీద పెట్టి మూత వెయ్యాల్సిన గంట తాత, దాన్ని పట్టుకుని మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో బెంచీని పట్టుకుంటూ వచ్చి, వెనక బెంచీ దగ్గర ఆగి, పళ్ళేన్ని అమ్మ ముందు చాపాడు.

నాన్న సగం లేచాడు. "పెద్దాయనా, నియమం..."

"నియమం యాడికి పోతాది అయ్యా, అట్లే ఉండాది. నాకే కండ్లు పోయినాయి. ఎవరు మునిగినోళ్ళో, ఎవరు గట్టున నిలబడినోళ్ళో ఈ ముసలి కండ్లకు తెలీడంలే. తీసుకో తల్లీ, నాకు చెయ్యి నొస్తాండాది."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఏమీ అనలేదు. ఎప్పుడూ అనలేదు, అప్పుడూ అనలేదు. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, రెండు చేతులూ చాపి, ఒక ముక్క తీసుకుంది. పళ్ళెం నాన్న ముందుకు జరిగింది.

నాన్న తీసుకున్నాడు గాని నోటి దాకా తెచ్చుకోలేకపోయాడు. ఆ చెరువులో ఎంతమందినో నీళ్ళలోంచి పైకి లేపిన చెయ్యి, రొట్టె ముక్కతో సగంలోనే ఆగిపోయింది. అమ్మ ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి నోటి దాకా తీసుకెళ్ళింది. నాన్న నములుతూ ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.